మూడు బండ్లు, ఒక రాయి

ముందే చెప్పేస్తున్నాను, ఇది కోపంతో రాస్తున్న యాత్ర. సేలం కొండ మీది ఏర్కాడు చలిగాలి గురించీ, అక్కడి చెరువులో పడవ షికారు గురించీ తెలుసుకోవాలంటే వేరేవాళ్లను అడగండి. ఆ చెరువును నేను చూసింది ఒక టీ అంగడి ముందు నిలబడి, అదీ మా సీనన్నతో పోట్లాడుతూ. అయినా రాయడానికి కారణం ఉంది. ఈమధ్య తమిళనాడులోని మా ధర్మపురిలో కాస్త జరుగుబాటున్న ప్రతి ఇంటి ముందూ ఒక మోటార్ సైకిల్ నిలబడుతోంది. సెలవు దొరికితే చాలు, నలుగురూ కలిసి ఎటైనా పోదామంటున్నారు. పోండి, ఎవరు వద్దన్నారు? కానీ మేము పోయినట్టు పోకండి.

మేము ముగ్గురం. నా పేరు రమణ, బజారులో సైకిలు, మోటార్ సైకిలు సామాన్ల అంగడి నాది. సీనన్న మా పెదనాన్న కొడుకు, నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ధాన్యం మండీ, బుల్లెట్ బండి, దానికి తగ్గ మీసం. మూడోవాడు నా బామ్మర్ది గోవిందు, నా భార్య పద్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ఇరవై రెండేళ్లవాడు, బండి నేర్చుకుని నాలుగు నెలలు. ఏర్కాడు పోదామన్నది సీనన్న. గోవిందును కూడా రమ్మని ఎగదోసింది కూడా ఆయనే.

ఆ సంగతి తెలిసి పద్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం వడ్డిస్తూ నోరు తెరిచింది.

“మీరు వాని యెనకాలే ఉండాల. వాడు మీ కండ్ల ముందర నుంచి పోకూడదు. అట్లయితేనే పంపిస్తాను.”

“సరి, ఉంటాను” అన్నాను.

“ఒట్టు పెట్టండి.”

చేతిలో ముద్ద పట్టుకునే ఒట్టు పెట్టాను.

ఒట్టు పెట్టాను గనక పది రోజులు వేరే ధ్యాస లేకుండా తయారీలు చేశాను. ముందు మూడు బండ్లకూ అద్దాలు బిగించాను. మా ఊళ్లో అద్దాలు లేకుండా తిరగడమే ఒక దర్జా. “నేనేమన్నా యెనక్కి చూసుకునేదానికా బండి కొనింది?” అని సీనన్న ఎగతాళి చేశాడు. నోరు మూసుకుని బిగించాను. బ్రేకులు, కేబుళ్లు, టైర్లలో గాలి, లైట్లు, చైన్ల వదులు అన్నీ చూశాను. గోవిందు బండి చైను లాకు, అంటే చైను రెండు కొసలనూ కలిపి పట్టుకునే చిన్న ముక్క, కాస్త అరిగినట్టు కనిపించింది. ఇంకొన్నాళ్లు నడుస్తుందిలే అనుకుని, కొత్తది ఒకటి కాగితంలో చుట్టి పక్కన పెట్టాను. అప్పుడే మార్చి ఉంటే పది నిమిషాల పని. అంగడి నాది, లాకు నాది, చేతులూ నావే.

ఆ కొత్త లాకు, కటింగ్ ప్లేయరు, స్పానర్లు, పంక్చరు సామాన్లు, దూది, కాలిన పుండ్లకు రాసే మందు, అన్నీ ఒక ఖాకీ గుడ్డలో మూట కట్టి గోవిందు బండి పక్కపెట్టెలో పెట్టాను. పెట్టె ఉన్నది వాడి బండికే.

తర్వాత రోడ్డు మీద నడవాల్సిన పద్ధతి. ముందు సీనన్న, నడుమ గోవిందు, చివర నేను. ప్రతివాడూ అద్దంలో తన వెనకవాడిని చూసుకుంటూ పోవాలి. వెనకవాడు కనబడకపోతే పక్కకు తీసి ఆగాలి. రోడ్డు చీలే చోటల్లా ఆగి, ముగ్గురూ కలిసిన తర్వాతే కదలాలి. చెయ్యి దించి ఊపితే మెల్లిగా, పైకెత్తితే ఆగమని. ఇవన్నీ తెలుగు మాటల్లోనే, తమిళ అక్షరాలతో కాగితం మీద రాసి ఇచ్చాను. గోవిందుకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. ముందటి ఆదివారం ఇద్దరం వెల్లిచందై దాకా పోయి ఆ సైగలన్నీ అలవాటు చేసుకుని వచ్చాం. గోవిందు చక్కగా నడిపాడు. సీనన్న రాలేదు. ఇరవై ఏళ్లుగా బండి తోలే తనకు పాఠాలేమిటని కబురు పంపాడు.

సోమవారం మా అంగడికి సెలవు. పొద్దున ఆరున్నరకు మా ఇంటి ముందు కలవాలని మాట. గోవిందు ఆరుంపావుకే వచ్చాడు. సీనన్న ఏడూ పదికి వచ్చాడు. రాగానే తన ఆలస్యం సంగతి ఎత్తకుండా మమ్మల్ని తొందరపెట్టడం మొదలెట్టాడు. “సీక్రం, సీక్రం! ఏడున్నరకు రాహుకాలం పట్టుతుంది. లేయండి!” బయల్దేరేముందు మూడు బండ్లనూ మరొక్కసారి చూడాలనుకున్నాను, దానికి అరగంట పెట్టుకున్నాను. ఆ అరగంట ఆయన నిద్రకు పోయింది. పద్మ కట్టిన పులిహోర పొట్లాలు తేవడానికి లోపలికి పోయాను.

నేను లోపల ఉన్న ఆ ఐదు నిమిషాల్లో బయట జరిగిన సంగతి నాకు మధ్యాహ్నం గాని తెలియలేదు. మీకు ఇప్పుడే చెబుతాను. మా వాళ్లలో ముగ్గురు కలిసి ఒక పని మీద బయల్దేరరు. తప్పనిసరి అయితే దారిలో ఒక గులకరాయి తీసి జేబులో వేసుకుంటారు, అది నాలుగో మనిషి లెక్క. ఆ ఆచారంతో నాకేం పేచీ లేదు, మా నాన్నా చేశాడు, నేనూ చేశాను. కానీ సీనన్నకు గులకరాయి ఆనలేదు. నాలుగో బండికి బదులు కాబట్టి పెద్దదే ఉండాలని, వీధి కాలువ పక్కనుంచి కొబ్బరికాయంత రాయి తెచ్చి, కడిగి, పసుపు కుంకుమ పెట్టాడు. దాన్ని పెట్టడానికి గోవిందు బండి పెట్టె తెరిచాడు. పెట్టెలో నా మూట ఉంది. నూనె గుడ్డ పయణానికి మంచిది కాదంటూ మూట తీసి మా ఇంటి అరుగు మీద పెట్టి, ఆ చోట్లో రాయి పెట్టాడు. గోవిందు చూస్తూ నిలబడ్డాడు. పెద్దాయన చేస్తుంటే వద్దని ఎట్లా అంటాడు? నేను బయటికి వచ్చేసరికి పెట్టె మూసి ఉంది, మూత మీద కుంకుమబొట్టు ఉంది. నేను తెరిచి చూడలేదు.

ఏడూ ఇరవై ఐదుకు కదిలాం. హెల్మెట్లు ముగ్గురికీ ఉన్నాయి. సీనన్నది హాండిలుకు వేలాడుతోంది. మొదటి మోసం ఊరు దాటిన అరగంటకే. కంబైనల్లూరుకు రోడ్డు చీలే చోట ఆగాలి కదా, సీనన్న లేడు. బుల్లెట్ చప్పుడు కూడా వినబడలేదు. గోవిందు చెయ్యెత్తి ఆగాడు, నేను ఆగాను, ఇద్దరం ఐదు నిమిషాలు చూసి ముందుకు పోయాం. ఎనిమిది నలభైకి అరూరులో ఇడ్లీ అంగడి ముందు బుల్లెట్ కనిపించింది. ఆయన అప్పటికే రెండో ప్లేటులో ఉన్నాడు.

“ఏమన్నా, చీలిక కాడ నిలుస్తామని కదా అనుకొనింది?”

“నిలిచేదానికి నాకు దారి తెలీదా రా?”

“నీకు తెలుసునన్నా. పిల్లోనికి తెలీదు.”

“నువ్వుండావు కదా యెనకాల!” అని సాంబారు పోయించుకున్నాడు.

పక్క బల్ల దగ్గర ఒక లారీ డ్రైవరు, మాకంటే పెద్దవాడు, మా మాటలు విని నవ్వాడు. తన లారీ వెనక తమ్ముడి లారీ వస్తుందనీ, తమ్ముడి లైట్లు అద్దంలో కనబడకపోతే తాను గేరు మార్చడనీ తమిళంలో చెప్పాడు. సీనన్న ఆ మాటకు చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు. ఇడ్లీలు మెత్తగా ఉన్నాయి, ముగ్గురికీ కలిపి ఐదు రూపాయల లోపే. ఆ దారిన పోయేవాళ్లు అక్కడ తినవచ్చు.

తొమ్మిదిన్నరకు ఏ. పళ్లిపట్టి. అది కూడలి, తప్పక ఆగాల్సిన చోటు. అంగడివాడిని అడిగితే బుల్లెట్ ఆయన ఇటు చూడకుండా పోయాడన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గోవిందు నా మొహం చూసి, “పోనీలే బావా, సేలంలో కలుస్తాడు” అన్నాడు. పాపం, వాడు మాత్రం పొద్దున్నుంచీ ఒక్క తప్పు చేయలేదు. మంజవాడి కనుమలో బస్సు ఎదురొస్తే ఎడమకు తీసి, చెయ్యి ఊపి, నాకు సైగ చేసి మరీ మెల్లిగా దిగాడు. పదీ నలభై ఐదుకు సేలం చేరి పెట్రోలు పోయించుకున్నాం. గోరిమేడు దగ్గర సీనన్న మళ్లీ కనిపించాడు. కొండకింద నుంచి ఏర్కాడుకు, తలపిన్నులా మెలికపడి వెనక్కి తిరిగే ఇరవై కొండీ మలుపులు, ఒక్కోదానికి నంబరు పలక ఉంటుంది. “అన్నా, ఈడనుంచి మాత్రం మెల్లిగా. వాడు మొదటిసారి కొండ ఎక్కేది” అని దండం పెట్టినంత పని చేశాను. “సరి సరి” అన్నాడు. రెండో మలుపు తిరిగేసరికి మాయమయ్యాడు.

ఐదో మలుపు దగ్గర పదకొండూ ఇరవై. పైనుంచి బుల్లెట్ హారన్ వినిపించింది, మమ్మల్ని వెక్కిరిస్తున్నట్టు రెండుసార్లు. అరికాలి మంట నెత్తికెక్కింది. పది రోజుల నా కష్టం, నా కాగితం, నా అద్దాలు అన్నీ ఆ హారన్‌లో కొట్టుకుపోయినట్టు అనిపించింది. నా బండిని గోవిందు పక్కకు తెచ్చి, “నువ్వు మెల్లిగా రా. ఆయప్పను నిలబెట్టి నాలుగు మాటలు అడిగితేగాని నాకు మనసు ఆగదు” అన్నాను.

“సరి బావా” అన్నాడు. హెల్మెట్ లోంచి వాడి కళ్లు మాత్రం కనిపించాయి.

వాడిని దాటుకుని పోయాను.

పదకొండూ నలభైకి పైన చెరువు దగ్గర దొరికాడు సీనన్న. టీ తాగుతూ చేతిలో వడ పట్టుకుని ఉన్నాడు. నేను బండి స్టాండు వేసి, హెల్మెట్ కూడా తీయకుండా మొదలెట్టాను. పొద్దున ఆలస్యం దగ్గర్నుంచి ఒక్కొక్కటీ ఎత్తి అడిగాను. ఆయనా ఊరుకోలేదు. చిన్నప్పుడు నన్ను సైకిలు బారు మీద కూర్చోబెట్టుకుని తిప్పినవాణ్ణి, నాకే నేర్పుతావా అన్నాడు. నా అంగడి తెరిచేటప్పుడు ఎవరు నిలబడ్డారన్నాడు. నేను మా పెదనాన్న పోయినప్పటి తగాదా కూడా బయటికి లాగాను. టీ చల్లారింది, మళ్లీ చెప్పాం, అదీ చల్లారింది. చుట్టూ జనం చేరారు.

“కాగితంలో ఏమి రాసిస్తిని? యెనకవాడు కనబడకుంటే నిలవాలని రాస్తినా లేదా? అద్దంలో ఒక్కసారన్నా చూస్తివా అన్నా నువ్వు?” అని అరిచాను.

టీ అంగడి ముసలాయన గ్లాసులు కడుగుతూ తల ఎత్తకుండానే తమిళంలో అడిగాడు. “అదు సరి సార్. ఉంగ పిన్నాడి వండి ఎంగే?” మీ వెనక బండి ఎక్కడ అని.

గడియారం చూసుకున్నాను. పన్నెండూ ఇరవై. సీనన్న చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

కిందికి ఎట్లా దిగామో గుర్తు లేదు. తొమ్మిదో మలుపు పైన రోడ్డు మధ్యలో ఒక కట్టెల మోపు అడ్డంగా పడి ఉంది, బండ్లు మెల్లిగా తిరగాలని ఎవరో పెట్టినట్టు. దాని కింద, మలుపు పక్కగా, గోవిందు బండి నిలబడి ఉంది. వెనక చక్రం కింద కుంకుమ పూసిన ఒక పెద్ద రాయి. చైను రోడ్డు మీద పాములా పడి ఉంది. గోవిందు పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు. కుడి ప్యాంటు మోకాలి దాకా మడిచి ఉంది, పిక్క మీద అరచేతి వెడల్పున చర్మం లేచిపోయి ఎర్రగా, తడిగా ఉంది. పక్కన ఒక కట్టెలామె కూర్చుని ఆ పుండు మీద కొంగుతో విసురుతోంది.

“చైను లాకు పోయింది బావా” అన్నాడు. మలుపు ఎక్కుతుండగా చైను ఊడి, బండికి పట్టు తప్పి వెనక్కి జారిందట. బ్రేకు పట్టుకున్నా ఆగక పక్కకు పడిందట. పిక్క మీద కాలే సైలెన్సరు. ఆ దారిన కట్టెలు మోసుకొస్తున్న ఈమె మోపు రోడ్డు మీద పడేసి, బండిని లేపి వాడిని లాగింది. చక్రం కింద పెట్టడానికి ఏమైనా ఉందా అని ఆమె అడిగితే వాడికి పెట్టెలో రాయి గుర్తొచ్చింది.

“మూట తీయి. లాకు ఉంది, మందు ఉంది” అన్నాను.

“మూట లేదు బావా. మీ తిన్నె మీదనే ఉండాది. అన్న తీసి పెట్టినాడు. నేను చెప్పలేదు.” రోడ్డు మీది చైను వైపు చూశాడు. “తప్పు నాదే బావా.”

పెట్టె తెరిచాను. అడుగున పసుపు మరకలు తప్ప ఏమీ లేవు. అప్పుడు అర్థమైంది. తిరిగి సీనన్న చొక్కా పట్టుకున్నాను. జీవితంలో మొదటిసారి ఆయనను ‘రా’ అన్నాను. “రాయి పెట్టినావా రా? నా మూట తీసి రాయి పెట్టినావా?” ఆయన చేతులు కిందికే ఉన్నాయి. కొడితే కొట్టనీ అన్నట్టు నిలబడ్డాడు.

కట్టెలామె లేచి నిలబడి, తమిళంలో ఇద్దరినీ కలిపి కడిగేసింది. “ఇప్పుడు వచ్చి కొట్టుకుంటున్నారా? గంట నుంచి ఈ అబ్బాయి ఏ బండి చప్పుడైనా మా బావ, మా బావ అని ఒంటికాలి మీద లేచి చూస్తున్నాడు. ఎవరయ్యా ఆ బావ?”

నేను చొక్కా వదిలేశాను.

సీనన్న చైను లాకు కోసం సేలం దిగాడు. వెళ్లేముందు హెల్మెట్ తలకు పెట్టుకోవడం చూశాను. కట్టెలామెకు డబ్బు ఇవ్వబోతే చేయి తోసేసింది. “మోపు ఎత్తి నెత్తిన పెట్టు, చాలు” అంది. ఎత్తితే తెలిసింది, నాకే మెడ నరాలు లాగినంత బరువు. ఆమె పేరు అడగాలని కూడా తోచలేదు. గోవిందును నా బండి మీద ఎక్కించుకుని పైకి తీసుకుపోయి ఒక కాంపౌండరు చేత కట్టు కట్టించాను. ఆయన పుండు కడుగుతుంటే వాడు నా భుజం పట్టుకుని పళ్లు బిగించాడు గాని అరవలేదు. పులిహోర పొట్లాలు తొమ్మిదో మలుపు పిట్టగోడ మీదే విప్పాం. ఎవరమూ సరిగ్గా తినలేదు.

సీనన్న రెండుంపావుకు లాకు తెచ్చాడు. పది నిమిషాల్లో బిగించాను. పది నిమిషాలే. గోవిందు తన బండి తానే తోలతానన్నాడు. ఇప్పుడు తోలకపోతే ఇక ఎప్పటికీ ఎక్కలేనని భయమట. సరేనన్నాను. మూడుకు దిగడం మొదలెట్టాం. ఆ రాయిని సీనన్న రెండు చేతులతో ఎత్తి మళ్లీ పెట్టెలో పెట్టాడు, తీసుకొచ్చినదాన్ని దారిలో వదలకూడదని. దానికి కూడా పోట్లాడే ఓపిక నాకు లేదు.

తిరుగు దారిలో అంతా పద్ధతే. సీనన్న ప్రతి మలుపు దగ్గరా ఆగాడు. ఏ. పళ్లిపట్టి కూడలిలో మాకంటే ముందు చేరి, రోడ్డు మధ్యకు వచ్చి నిలబడి మా కోసం చూశాడు. అక్కడ టీ తాగాం, ఆయనే గోవిందు గ్లాసు చల్లార్చి ఇచ్చాడు. నేను గోవిందు వెనక లైటు నుంచి కన్ను తీయలేదు. ముప్పై, ముప్పై ఐదు వేగం. పక్కన పొలాల్లో ఏ పంట ఉందో నన్ను అడగకండి. ఇట్లా కలిసి పోవడంలో ఎంత హాయి ఉందో ఆ సాయంత్రమే తెలిసింది. ముందువాడు సైగ చేస్తాడు, నడిమివాడు అందుకుంటాడు, వెనకవాడు సరేనంటాడు, బండ్లు మూడూ ఒకే తాడుకు కట్టినట్టు మెల్లిగా సాగుతాయి. పొద్దున కూడా ఇట్లాగే పోయి ఉండవచ్చు కదా అని తలుచుకున్నప్పుడల్లా మళ్లీ ఒళ్లు మండింది. సీనన్న నిద్ర మీద, ఆయన రాయి మీద, గోవిందు నోరు పెగలనితనం మీద. దారి పొడుగునా వాళ్లను తిట్టుకుంటూనే వచ్చాను. అట్లా తిట్టుకుంటున్నంతసేపూ వేరే సంగతి తలుచుకోనక్కరలేదు.

ఏడూ నలభైకి ఇంటికి చేరాం. పద్మ గుమ్మంలోనే ఉంది. తమ్ముడు కుంటుతూ దిగడం చూసింది, కట్టు చూసింది, అరవలేదు. వాడి భుజం కింద చెయ్యి వేసి అరుగు మీద కూర్చోబెట్టింది. పక్కనే నా ఖాకీ మూట, పొద్దున పెట్టినచోటే, ముడి కూడా విప్పకుండా ఉంది.

సీనన్న పెట్టె తెరిచి రాయిని బయటికి తీశాడు. మధ్యాహ్నం నుంచీ తలొంచుకుని ఉన్న మనిషికి కాస్త ప్రాణం వచ్చినట్టుంది. “చూడు పద్మా. ఇది ఉండబట్టే బండి లోయలోకి పోలేదు. నాలుగోవాడు లేకుండా పయణం పోకూడదని పెద్దోళ్లు ఊరికే పెట్టలేదు” అన్నాడు. నాకు మళ్లీ రక్తం ఉడికింది. ఆ మూట చూపించి, లాకు సంగతి, మందు సంగతి అంతా అడిగి కడిగేద్దామని నోరు తెరిచాను.

పద్మ ఆయనవైపు చూడలేదు. నావైపే చూసింది.

“రాయి చక్రం కింద ఉండింది. సరి. మీరు యాడ ఉండినారు?”

“ముందరికి పోయినాను.”

“ఎందుకు?”

మూట వైపు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“సీనన్నను తిట్టేదానికి” అన్నాను.